సంతకం ఎవరిది?

కర్నూలు, మహబూబ్‌నగర్ రైళ్లు కాచిగూడకు వస్తాయి. స్కానింగ్ కవరు చంకన పెట్టుకుని ఎమ్.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి దారి అడిగే ఆడవాళ్లు అక్కడ దిగుతారు. ఉస్మానియా క్యాంపస్ దాటితే తార్నాక. అక్కడి ఐఐసీటీలో బంగారు నానోకణాలతో క్యాన్సర్ మందుల మీద పరిశోధనలు జరిగాయి. సిస్‌ప్లాటిన్ లాంటి మందు మూత్రపిండాల్ని దెబ్బతీయకుండా గర్భాశయ ముఖద్వారంలోని కణితికే చేరాలన్నది నానో వైద్యం ఆశ. మంచిదే. సైన్స్‌తో నాకు పేచీ లేదు.

కానీ ఆ మందును ముందుగా ఎవరి ఒంటి మీద పరీక్షిస్తారు?

ఇదే క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకాను 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దాదాపు 14 వేలమంది ఆడపిల్లలకు వేయించాయి. వయసు పది నుంచి పద్నాలుగేళ్లు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. టీకా పనిచేస్తుంది కూడా. మరి అనుమతి మాటేమిటి? పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు. 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాన్నలు ఊళ్లో బతికుండగానే వార్డెనే తల్లీ తండ్రీ అయిపోయారు! చదువురాని తల్లికి ఆ కాగితం చదివి వినిపించడానికి ఏ నానో టెక్నాలజీ కావాలి?

రేపు నానో మందు ట్రయల్ అన్నప్పుడు పత్రం కోయ భాషలో ఉందా, ఒంటికి హాని జరిగితే వైద్యం ఖర్చెవరిది, ఎథిక్స్ కమిటీలో ఎవరు కూర్చున్నారు అని అడగాల్సింది యూనివర్సిటీల్లో ఉన్న మనమే. మనమేమో సెమినార్లో వెనక వరుసలో కూర్చుని, చప్పట్లు కొట్టి, టీ తాగి వచ్చేస్తున్నాం.