వాలుగకు పేరు లేదా?

మన యిండ్లలోని పిల్లలను పిరానా యెట్టిదని యడిగి చూడుడు. దాని పండ్ల పదును, అది వసించు అమెజాన్ నది, అది గుంపుగా వచ్చు తీరు గుక్కతిప్పుకొనక చెప్పుదురు. కొర్రమీను ఎట్టిదని యడుగుడు, మొగమొగములు చూచుకొందురు. తరతరములుగా చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో నేటి స్థితి యిది. పిల్లలను నిందించి ప్రయోజనము లేదు. వారికి చేపను పరిచయము చేసినది చెరువుగట్టు కాదు, టెలివిజన్ పెట్టె.

వింత వింత మంచినీటి చేపలను గూర్చిన చిత్రములను మేము ద్వేషించువారము కాము. జెరెమీ వేడ్ అను ఆంగ్లేయ జీవశాస్త్రజ్ఞుడు 2009 మొదలు 2017 వరకు నడపిన ‘రివర్ మాన్‌స్టర్స్’ను మేమును రెప్పవాల్చక చూచినవారమే. కాళీనదిలో గూంచ్ చేపకై ఆయన పడిన శ్రమ మెచ్చదగినది. మా తగవు ఆయనతో కాదు. చేప యనగా రాక్షసియే కావలెనను అభిరుచితోను, ఇట్టి చిత్రములకు తెలుగు వ్యాఖ్యానము కూర్చువారి సోమరితనముతోను మా తగవు.

2002లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున, క్రాఫ్టన్ అను ఊరి చెరువులో, ‘స్నేక్‌హెడ్’ అను చేప కనబడగా పత్రికలు దానిని భూతముగా చిత్రించినవి. అది తూర్పు ఆసియా జాతి. పరాయి నీటిలో చేరినది గనుక అక్కడివారు భయపడుటలో న్యాయమున్నది. కాని ఆ వంశము మన కొర్రమీను వంశమే! జబ్బుపడి లేచినవారికి మన పెద్దలు పథ్యముగా పెట్టిన చేప అది. తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రపు చేపగా గౌరవించినదియు దానినే. మృగశిర కార్తెనాడు హైదరాబాదున బత్తినివారు ఉబ్బసపు మందుతో మ్రింగించునది కొర్రమీను పిల్లనే. ఆ మందు గుణమెట్టిదను చర్చ వేరు. ఈ చేప నోటితో గాలి పీల్చును, నీటినుండి తీసినను చాలసేపు బ్రతుకును, తన పిల్లలను కాచుకొని తిరుగును. ఇంతకన్న వింత యేమి కావలెను? అయినను మేము విన్న తెలుగు వ్యాఖ్యానములలో అది ‘స్నేక్‌హెడ్’ మాత్రమే.

‘క్యాట్‌ఫిష్’ మాటయు నిట్టిదే. మనకు వాలుగ వేరు, జెల్ల వేరు, మార్పు వేరు. మూటిని ఒక్క మాటలో కుక్కుట వలన కలుగు నష్టము భాషకు మాత్రమే కాదు. ఆఫ్రికా నుండి వచ్చిన క్యాట్‌ఫిష్ పెంపకమును 2000 సంవత్సరమున కేంద్రప్రభుత్వము నిషేధించినది. అది దేశీయ చేపలను కబళించును. ఆ పరాయి చేపకును మన మార్పునకును ఒక్కటే పేరు పెట్టినచో కొనువాడు వేటిని విడువవలెనో, వేటిని కొనవలెనో ఎట్లు తెలిసికొనును? పేరు పోయినచోట వివేకమును పోవును. పిరానాను చూచి జడిసిన పిల్లవానికి, ఆంధ్రదేశపు చెరువులలో పెంచి అంగడికి తెచ్చు రూప్‌చంద్ దాని దాయాదియే యని చెప్పువారెవరు?

‘ఇది శాస్త్రవిషయము, ఇంగ్లీషు పేర్లే తగును’ అని కొంద రనవచ్చును. శాస్త్రజ్ఞులు వాలుగకు పెట్టిన పేరు ‘వల్లాగో అట్టు’. చెవి యొగ్గి వినుడు: మొదటి మాటలో మన వాలుగయు, రెండవ మాటలో తమిళుల ‘ఆత్తు వాళై’యు వినిపించును. శాస్త్రమే మన రెండు భాషలను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టగా, తెలుగు వ్యాఖ్యాత తెలుగును వెలివేయుట వింతగా లేదా?

మన పొరుగువారిని చూచి నేర్చుకొందము. డాల్డార్ఫ్ అను అధికారి తరంగంబాడిలో, ఒక చేప తాటిచెట్టు నెక్కుచుండగా 1791లో చూచితినని వ్రాసిన లేఖ 1797లో లండనులో అచ్చయినది. ఆ చేపను తమిళులు ‘పనైయేరి కెండై’ అందురు. పనై యనగా తాడిచెట్టు. వారు తమ వింతకు తమ పేరు నిలుపుకొన్నారు. మన మేల నిలుపుకొనరాదు?

కావున మూడు మాటలు మనవి చేయుచున్నాము. తెలుగు వ్యాఖ్యానము కూర్చువారు జాలరిని, చేపలమ్మునట్టి తల్లిని అడిగి పేర్లు తెలిసికొనవలెను. తెలుగు ఛానళ్ళవారు అమెజానుకు పోవుటకు ముందు కృష్ణా, గోదావరులలోనికి కెమెరాను దింపవలెను. మూడవది మన పని. 1996 నుండి కృష్ణాజలము పూండి జలాశయమునకు వచ్చుచున్నది. ఆ నీరు త్రాగుచు ఆ నీటి చేప పేరు మరచుట మనకు తగదు. ఈ ఆదివారము పిల్లలను చింతాద్రిపేట చేపల అంగడికి తోడ్కొని పొండు. ఇంటి పెద్దలకు తెలిసిన చేపల పేర్లన్నియు వ్రాసి మాకు పంపుడు. వారము వారము ప్రచురింతుము. టెలివిజన్‌వారు దిద్దుకొనువరకు ఊరక కూర్చుండినచో, అప్పటికి ఆ పేర్లు చెప్పగల పెద్దలు మన యిండ్లలో మిగిలియుండరు.