డార్విన్‌గారి మేనరికం

ఈ నెల 12వ తేదీన చార్లెస్ డార్విన్ జయంతి. మన సంఘంలో ఏటేటా గిడుగువారి జయంతి, గురజాడవారి జయంతి, వీరేశలింగంగారి జయంతి జరుపుకుంటూనే వున్నాము. ఈసారి కుర్రవాళ్ళు డార్విన్ పుట్టినరోజు కూడ జరపాలని పట్టుబట్టారు. కార్యవర్గంలో ఒక పెద్దాయన, "ఆయన మనకు ఏమవుతాడయ్యా?" అని అడిగారు. కోతినుంచి మనిషి పుట్టాడన్నాడట అనే ఒక్క మాట తప్ప ఆయనను గురించి మనలో చాలామందికి తెలిసింది తక్కువ గనుక, ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ ఒక్క మాటా సరియైనది కాదు. నేటి కోతులకూ మనకూ ఎప్పటివాళ్ళో పూర్వికులు ఒకరే అన్నాడు గాని, కోతి మన తాత అని ఆయన అనలేదు. దాయాదులన్నాడు, అంతే.

అయితే ఆ పెద్దాయన అడిగినదానికి నా దగ్గర వేరే జవాబు వున్నది. డార్విన్ మేనరికం చేసుకున్నవాడు. మేనమామ కూతుర్ని పెళ్ళాడి, పదిమంది పిల్లలను కని, ఆ పెళ్ళివల్ల వాళ్ళకు కీడు కలిగిందేమోనని యేండ్ల తరబడి బెంగపడ్డవాడు. మన తెలుగిళ్ళకు ఇంతకంటె దగ్గర చుట్టం ఇంకెవరు కావాలి?

ఆయన 1809లో ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో పుట్టాడు. తండ్రి పేరున్న వైద్యుడు. తల్లి సుసన్నా, పింగాణీ సామానుకు ప్రసిద్ధులైన వెడ్జ్‌వుడ్ వారి ఆడపడుచు. ఎనిమిదేళ్ళ వయసులో తల్లి పోయింది. ఆ తరువాత కుర్రవాడికి మేనమామ ఇల్లే పుట్టిల్లయింది. 1831లో బీగిల్ అనే ఓడ మీద ప్రపంచయాత్రకు పిలుపు వస్తే తండ్రి ససేమిరా వీల్లేదన్నాడు. అప్పుడు మేనమామ జొసయ్యా వెడ్జ్‌వుడ్ కల్పించుకుని, బావగారి అభ్యంతరాలకు వరుసవారీగా జవాబు వ్రాసి పంపాడు. ఆడిట్ అభ్యంతరాలకు మేము జవాబులు వ్రాసే పద్ధతి సరిగా ఇదే. తండ్రి మెత్తబడ్డాడు, ఓడ కదిలింది, అయిదేళ్ళ యాత్ర జరిగింది. జీవజాతులు మారుతూ వచ్చాయన్న ఆలోచనకు ఆ యాత్రే పునాది. మేనమామ పూనుకోకపోతే ఈ నెల మనం ఈ జయంతి మాట ఎత్తేవాళ్ళమే కాము.

తిరిగి వచ్చాక పెళ్ళి ప్రస్తావన. 1838లో ఆయన ఒక కాగితం తీసుకుని, పెళ్ళి చేసుకుంటే లాభనష్టాలు ఒక వరుసలో, చేసుకోకపోతే లాభనష్టాలు ఇంకొక వరుసలో, జమాఖర్చు పద్దులాగ వ్రాసుకున్నాడు. ముసలితనంలో తోడు ఒక వైపు, పుస్తకాలకు డబ్బు మిగలదన్న దిగులు ఇంకొక వైపు. ఆ కాగితం ఇప్పటికీ భద్రంగా వున్నది. చివరకు పెళ్ళి పద్దే నెగ్గింది. 1839 జనవరి 29న మేనమామ కూతురు ఎమ్మాను పెళ్ళాడాడు. ఆమె ఆయనకంటె తొమ్మిది నెలలు పెద్దది. మనవాళ్ళయితే ఆ మాట దగ్గరే సంబంధం ఆపేసేవారు. తమాషా యేమిటంటే, అంతకు రెండేళ్ళ ముందే ఎమ్మా అన్నగారికి డార్విన్ అక్కగారిని ఇచ్చి చేశారు. అంటే అచ్చమైన కుండమార్పిడి! మరుసటి యేడు, 1840లో, విక్టోరియా రాణి కూడ తన మేనమామ కొడుకైన ఆల్బర్టునే పెళ్ళాడింది. మేనరికం మన దక్షిణాదివాళ్ళ మోటుతనమనుకునేవారు ఈ రెండు పెళ్ళిళ్ళూ జ్ఞాపకం పెట్టుకోవాలి.

పదిమంది పిల్లల్లో ముగ్గురు దక్కలేదు. 1842లో పుట్టిన మేరీ మూడు వారాలకే పోయింది. పెద్దమ్మాయి ఆనీ పదేళ్ళ పిల్ల, తండ్రికి ప్రాణం, 1851లో పోయింది. ఆఖరివాడు ఏడాదిన్నరవాడై 1858 జూన్ 28న విషజ్వరంతో పోయాడు. మూడు రోజులు తిరక్కుండానే, జూలై 1న, లండనులో లిన్నేయన్ సొసైటీవారి సభలో డార్విన్, వాలెస్‌ల సిద్ధాంతాన్ని మొట్టమొదట చదివి వినిపించారు. ఇంట్లో బిడ్డ పోయిన దుఃఖంలో వున్న డార్విన్ ఆ సభకు వెళ్ళనేలేదు. పుస్తకాలలో ఆ తేదీని గొప్పగా వ్రాస్తారు. ఆ ఇంట్లో ఆ తేదీ ఎట్లా గడిచిందో పిల్లలను కన్నవారు ఊహించుకోగలరు.

ఆ రోజుల్లో పసిపిల్లల చావులు ప్రతి ఇంటా వున్నవే. డార్విన్‌ది మాత్రం అంతటితో సరిపెట్టుకునే బుద్ధి కాదు. తానూ ఎప్పుడూ జబ్బుమనిషి; పిల్లలకు కాస్త నలతగా వుంటే, ఇది నా రక్తదోషమా, మా దగ్గర సంబంధమా అని దిగులు. ఆ దిగులును తోటలోకి తీసుకుపోయాడు. ఒకే మొక్క పుప్పొడి ఆ మొక్కకే వేసి కొన్ని గింజలు, వేరే మొక్క పుప్పొడి వేసి కొన్ని గింజలు పట్టించి, పక్కపక్కన నాటి, అడుగులు అంగుళాలలో కొలిచాడు. పదకొండేళ్ళు కొలిచాడు. చాలా జాతుల్లో వేరే మొక్కతో సంపర్కమైనవే పొడుగూ బలమూ అయినాయి. 1876లో ఆ లెక్కలన్నీ పుస్తకంగా వేశాడు.

మొక్కల సంగతి సరే, మనుషుల మాట? 1871 జనాభా లెక్కలలో, "మీ భార్యాభర్తలు దగ్గర బంధువులా?" అనే ఒక ప్రశ్న చేర్చమని, పార్లమెంటు సభ్యుడైన మిత్రుడు జాన్ లబ్బక్ ద్వారా 1870లో అడిగించాడు. సభ ఒప్పుకోలేదు. ఇంటి గుట్టు అడగటం మర్యాద కాదన్నారు. డార్విన్‌కు ఒళ్ళు మండింది. మరుసటి యేడు వేసిన పుస్తకంలో ఆ సభ్యులను అజ్ఞానులనటానికి కూడ వెనుకాడలేదు. సర్కారు లెక్క కట్టకపోతేనేమి, కొడుకు జార్జి పూనుకున్నాడు. పత్రికల్లో పెళ్ళి ప్రకటనలు, పిచ్చాసుపత్రుల రికార్డులు పట్టుకుని 1875లో ఒక వ్యాసం వ్రాశాడు. లోకం అనుకునేటంత కీడు కనబడటం లేదని తేల్చాడు. అమ్మానాన్నల పెళ్ళిని గురించి కొడుకు లెక్కవేసి చెప్పిన మాట అది!

వాళ్ళిద్దరికీ తెలియనిది ఒకటి వున్నది. లక్షణాలు వంశంలో ఎట్లా దిగుతాయన్న రహస్యాన్ని మెండెల్ 1866లోనే అచ్చువేసినా, 1900 దాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాబోటి మెట్రిక్యులేషన్ గుమాస్తాకు అర్థమైన రీతిలో చెప్తాను. ప్రతి మనిషిలోనూ ప్రతి లక్షణానికి రెండేసి నకళ్ళు, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. ఒక నకలులో వ్రాతతప్పు వున్నా రెండవది సరిగ్గా వుంటే సాధారణంగా పని నడిచిపోతుంది. తప్పులు లేని మనిషి లేడు. భార్యాభర్తలు వేర్వేరు వంశాలవారైతే తప్పులు వేర్వేరు చోట్ల పడతాయి, ఒకదాన్ని ఒకటి కప్పుతుంది. ఇద్దరూ ఒకే అసలు కాగితం నుంచి తీసిన నకళ్ళయితే, ఒకే పంక్తిలో ఒకే తప్పు రెండింటిలోనూ వుండవచ్చు. బిడ్డకు ఆ రెండూ వచ్చినప్పుడు కప్పేది ఏమీ లేదు.

లెక్క ప్రకారం బావామరదళ్ళకు ఎనిమిదింట ఒక వంతు ఉమ్మడి. మేనమామకూ అక్క కూతురికీ నాలుగింట ఒక వంతు. ఇక్కడ మన భాష మనలను కొంచెం మభ్యపెడుతుంది. పినతండ్రి కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు. ఒకరిని పెళ్ళాడటం మహాపాపం, ఇంకొకరిని పెళ్ళాడటం హక్కు. రక్తానికి మాత్రం ఈ వరుసలు తెలియవు. ఇద్దరి దగ్గరా వున్నది ఆ ఎనిమిదో వంతే. మా ఆఫీసులో ఒడియా మిత్రులకు మేనమామ బిడ్డ అయినా చెల్లెలే గనుక, మన పెళ్ళిపత్రికలు చూసి బుగ్గలు నొక్కుకుంటారు. చట్టమయితే మన ఆచారాన్ని మన్నించింది: 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గర సంబంధాలను నిషేధిస్తూనే, ఆచారం వున్నచోట వదిలిపెట్టింది.

డార్విన్ అడిగించలేకపోయిన ప్రశ్నను చివరకు తెలుగుదేశంలో అడిగారు. జె. బి. ఎస్. హాల్డేన్ అని, పరిణామాన్ని గణితంలో పెట్టిన మహామేధావి, 1957లో ఇంగ్లండు వదలి కలకత్తా వచ్చాడు. తరువాత ఈ దేశ పౌరుడై, 1962లో మన భువనేశ్వరంలో పరిశోధనశాల పెట్టుకుని, 1964లో అక్కడే కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఆయన దగ్గర చేరిన పిఠాపురం కుర్రవాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి, ఆంధ్రలో దగ్గర సంబంధాలు ఎన్ని, వాటి ఫలితాలు ఏమిటి అని విచారించి 1963లో వ్యాసం ప్రకటించాడు. అప్పటినుంచి ఆంధ్ర, తమిళ, కన్నడ దేశాలలో ఇటువంటి లెక్కలు చాలా జరిగినాయి. తరతరాలుగా మేనరికాలు చేసుకోవటంవల్ల చెడ్డ నకళ్ళు కొంత వడకట్టుకుపోయి వుంటాయని కొందరన్నారు. కీడు కనబడుతూనే వున్నదని కొందరన్నారు. మొత్తంమీద నేడు వైద్యులు చెప్పేది ఇది: మామూలు దంపతులకు నూటికి రెండు మూడు కాన్పులలో పుట్టుకతో లోపాలుంటే, బావామరదళ్ళ దంపతులకు ఇంకొక రెండు మూడు చేరతాయి. అంటే నూటికి తొంభై నాలుగైదు మంది బిడ్డలు చక్కగానే వుంటారు. అక్కకూతురి పెళ్ళికి ప్రమాదం అంతకంటె హెచ్చు. మేనరికం మీద మేనరికం చేస్తూ పోయిన వంశాలలో ఉమ్మడి వంతు ఇంకా పెరుగుతుంది. డార్విన్, వెడ్జ్‌వుడ్ కుటుంబాలవే ఇరవై అయిదు సంసారాల లెక్కలు తీసి 2010లో కొందరు పరిశోధకులు చూడగా, దగ్గర సంబంధం హెచ్చిన కొద్దీ పిల్లల మరణాలు హెచ్చినట్లు కనబడింది. ఆయన బెంగ ఉత్తది కాదు.

ఇదంతా ఇంత పొడుగున వ్రాయటానికి మా ఇంట్లో కారణం వున్నది. విజయనగరంలో వున్న మా చెల్లెలు తన కొడుక్కి మా అమ్మాయిని అడుగుతున్నది. కుర్రవాడు మంచివాడు. నాకూ మొగ్గు వున్నది. బరంపురంలో నాలుగు తరాలుగా వున్నవాళ్ళం. మా వీధి పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని వ్రాయలేరు. చెల్లెలింట్లో అయితే నా మనుమలకు తెలుగక్షరాలు వస్తాయి. బయటి సంబంధం చేసి, ఒక్క తరంలో భాషా చుట్టరికమూ రెండూ పోగొట్టుకున్న ఇళ్ళు మన సంఘంలోనే ఎన్ని లేవు? వాళ్ళను నిందించను, నాకు ఆ దిగులున్నదని మాత్రం చెప్తున్నాను. మా అమ్మ, "మీ నాన్నదీ నాదీ మేనరికమే, మీకేమయిందిరా?" అంటుంది. నెలలు నిండకుండానే పోయిన ఇద్దరు తమ్ముళ్ళను ఆమె ఆ లెక్కలో వేయదు. వాళ్ళు మేనరికంవల్లే పోయారని నేను అనలేను. లెక్కలో మాత్రం వేయాలి.

అమ్మాయే ఒక మాటన్నది: "బావ, నేను ముందు రక్తపరీక్ష చేయించుకుంటాము. తరువాత ముహూర్తం సంగతి చూడండి." తలసేమియా, సికిల్ సెల్ అనే రక్తదోషాలు ఇద్దరిలోనూ దాగి వున్నదీ లేనిదీ ఆ పరీక్షలో తెలుస్తుంది. అన్ని దోషాలూ దానిలో దొరకవు. కుటుంబంలో చెవుడు, మూగతనం, పసితనపు చావులు వుంటే వంశ వివరాలతో జన్యు వైద్యుణ్ణి విడిగా అడగాలి. చెల్లెలు మొదట చిన్నబుచ్చుకున్నది. "మా వాడి రక్తం మీద నమ్మకం లేదా అన్నయ్యా?" అన్నది. నీ రక్తమూ నా రక్తమూ ఒకటే గనుకనే ఈ పరీక్ష అన్నాను. పది రోజుల తరువాత ఒప్పుకున్నది. ఇది వ్రాసే నాటికి పరీక్ష కాగితాలు ఇంకా రాలేదు. వచ్చాక ఏమి చేయాలన్నది వాళ్ళిద్దరి ఇష్టం.

12వ తేదీ సాయంకాలం ఆరు గంటలకు సంఘం గదిలో జయంతి. పిల్లలు బీగిల్ యాత్ర పటం గీసి తెస్తున్నారు. ఈ ఊరి వైద్యులొకరు వచ్చి రక్తపరీక్షల సంగతి తెలుగులోనూ ఒడియాలోనూ చెప్తారు. ఆడవారు తప్పక రావాలి. వంశాల వివరాలు మనకంటె వాళ్ళకే బాగా తెలుసు. వచ్చేవారు మూడు తరాల వంశవృక్షం ఒక కాగితం మీద వ్రాసి తేవలసింది. మేనరికాలున్నచోట రెండు గీతలు గీయండి. పసితనంలో పోయినవారిని కూడ వదలకుండా వ్రాయండి. పేరు పెట్టకముందే పోతే, పుట్టిన సంవత్సరమైనా వేయండి.