మసి వేరు, మచ్చ వేరు

ఆయుధపూజ సమీపిస్తున్నది. లేతు యంత్రాలు మొదలుకొని స్పానర్ల వరకు అన్నింటినీ తుడిచి, పసుపు కుంకుమలు అలంకరించుకోవడం మన షాపులలో ఆనవాయితీ. భద్రతా విభాగపు ఆయుధాగారంలోని రైఫిళ్లకు కూడా అదే సన్నాహం సాగుతున్నది. అక్కడి హవల్దారు గారొకరు ఇటీవల మమ్మల్ని కలిసి, "సార్, ఫైరింగ్ తరువాత పిస్టన్ మీది నలుపు ఎంత రుద్దినా పోవడం లేదు. ఎమరీ కాగితం వాడవచ్చునా?" అని అడిగారు. బేరింగులు, గేర్ల సంరక్షణను చర్చించే ఈ శీర్షికలో ఈ పర్యాయం ఆ ప్రశ్నకే సమాధానం చెప్పదలిచాం. రైఫిలు కూడా ఒక ఉష్ణయంత్రమే కనుక ఇది మన పరిధిని దాటిన విషయమేమీ కాదు.

ముందుగా మా తప్పిదమొకటి ఒప్పుకోవాలి. 1987లో, మా విద్యార్థి దశలో, ఎన్.సి.సి. శిబిరంలో .303 రైఫిళ్లను శుభ్రపరచే పని మాకు అప్పగించారు. మరునాడు తనిఖీ. మెరుపు మీది మోజుతో మెత్తని ఇటుక పొడి తెచ్చి, గొట్టపు పైభాగాన్ని తళతళలాడేట్లు తోమాం. తనిఖీలో మెప్పు లభించింది. వర్షాకాలం ముగిసేసరికి, సరిగ్గా ఆ మెరిసిన చోట్లనే ఎర్రని తుప్పు పట్టింది. ఆనాడు మేము తొలగించినది మురికి కాదు, ఉక్కును కాపాడే నల్లని పూత. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మాకు అనుభవపూర్వకంగా బోధపడింది.

ఇంతకూ ఈ నలుపు ఎక్కడిది? తూటాలోని మందు ముఖ్యంగా నైట్రోసెల్యులోజు. అది మండినప్పుడు అధిక భాగం వాయువులుగా మారుతుంది. పూర్తిగా మండని కర్బనం, మందు గింజలపై పూసిన గ్రాఫైటు, ప్రైమరు అవశేషాలు మసిగా మిగులుతాయి. ఎస్.ఎల్.ఆర్., ఇన్సాస్ వంటి రైఫిళ్లలో గొట్టం నుండి కొంత వాయువు పక్కకు మళ్లి పిస్టన్‌ను నెట్టుతుంది. అందువల్ల గ్యాస్ రంధ్రం, గ్యాస్ సిలిండరు, పిస్టన్ తల, బోల్టు ముఖం మసికి స్థావరాలవుతాయి. ప్రతి తూటాతో పొర మీద పొర చేరి, వేడికి కాలి, పెంకులా గట్టిపడుతుంది. అది వాయుమార్గాన్ని ఇరుకు చేసి, పిస్టన్ కదలికను మందగింపజేస్తుంది. కాల్చిన తూటా గుల్ల సక్రమంగా బయటపడక రైఫిలు మధ్యలో మొరాయిస్తుంది. కావలి కాసే వ్యక్తికి అది ప్రాణాంతకం కావచ్చు. కనుక మసిని తొలగించి తీరవలసిందే.

ఇక రెండవది మచ్చ. ఉక్కు వేడెక్కినప్పుడు దాని ఉపరితలంపై అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర పై తలం నుండి, కింది తలం నుండి ప్రతిఫలించే కాంతి కిరణాల వ్యతికరణం వలన రంగులు కనిపిస్తాయి. సబ్బు బుడగ మీది రంగులకూ కారణం ఇదే. సాధారణ ఉక్కుపై సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లేత పసుపు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలం వస్తాయి. హీట్ ట్రీట్‌మెంట్ షాపు మిత్రులకు ఇది కొత్త కాదు. పిస్టన్ తలపై మిగిలే ఇటువంటి రంగు మురికి కాదు. దానివల్ల పనికి భంగమూ లేదు.

రెండింటినీ గుర్తించే పరీక్ష సులభం. ద్రావకంలో తడిపిన గుడ్డతో రుద్దండి. గుడ్డ నల్లబడితే అది మసి. మరికొంత పని ఉన్నది. గుడ్డ తెల్లగా ఉండి, వేలి గోటికి గరుకు తగలక, రంగు మాత్రమే నిలిచి ఉంటే అది మచ్చ. అక్కడితో ఆపివేయాలి.

పని క్రమం ఇది. మ్యాగజైన్ తీసివేసి, ఛాంబర్ ఖాళీగా ఉన్నదని కంటితోను, వేలితోను నిర్ధారించుకోవాలి. తూటాలను ఆ గదిలో ఉంచరాదు. కాల్పులు ముగిసిన తరువాత వీలైనంత త్వరగా, మసి గట్టిపడక మునుపే పని మొదలుపెట్టడం మేలు. గట్టిపడిన భాగాలను కర్బన ద్రావకంలో పదిహేను, ఇరవై నిమిషాలు నాననిచ్చి, నైలాను లేక కంచు బ్రష్షుతో రుద్దాలి. ఉక్కు తీగల బ్రష్షు పనికిరాదు. వీలున్న రైఫిళ్లలో గొట్టాన్ని ఛాంబర్ వైపు నుండే శుభ్రపరచాలి. పుల్‌త్రూ తాడు మూతి అంచును ఒరుసుకుంటే అక్కడ గాడి పడి గురి చెడుతుంది. చిందీ గుడ్డపై నీలి ఆకుపచ్చ ఛాయ వస్తే అది తూటా తొడుగు నుండి అంటిన రాగి. దానికి వేరే ద్రావకం వాడాలి. కంచు బ్రష్షు కూడా అదే ఛాయ ఇస్తుందని మరువరాదు. చివర గొట్టానికి పలుచగా నూనె పూసి, తిరిగి కాల్చే ముందు దానిని తుడిచివేయాలి. ఛాంబర్‌లో నూనె ఉంటే గుల్ల గోడలను పట్టుకోక బోల్టుపై భారం పెరుగుతుంది. ఎస్.ఎల్.ఆర్. గ్యాస్ భాగాలను పొడిగానే ఉంచాలి; అక్కడి నూనె కాలి మళ్లీ మసే అవుతుంది. గాలి ఆడే చోట, చేతి తొడుగులతో పని చేసి, భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలి. ప్రైమరు అవశేషాలలో సీసం ఉండవచ్చు.

ఇక ఎమరీ సంగతి. అది మసినీ, పూతనూ, లోహాన్నీ వేరుచేసి చూడదు. ప్రతి తనిఖీకీ కొద్దికొద్దిగా అరిగినా, పిస్టన్‌కు సిలిండరుకు మధ్య సందు పెరుగుతుంది. వాయువు ఆ సందులో జారిపోయి, మసి వలన వచ్చే మొరాయింపే మెరుపు వలన కూడా వస్తుంది. అరిగిన లోహాన్ని ఏ ద్రావకమూ తిరిగి తేలేదు.

అయితే మచ్చలన్నింటినీ ఉపేక్షించరాదు. ఎర్రని తుప్పు, గోటికి తగిలే గుంట, వేడెక్కకూడని స్ప్రింగుపై నీలి రంగు కనిపిస్తే ఆ రైఫిలును పక్కన పెట్టి ఆయుధ నిపుణునికి చూపించాలి.

హవల్దారు గారికి మేమిచ్చిన సమాధానం ఇదే: ఎమరీ వద్దు, మచ్చను ఉండనివ్వండి. "మరి తనిఖీ అధికారి ఒప్పుకోవాలి కదా సార్!" అన్నారాయన. ఆ మాటలో న్యాయమున్నది. అందుచేత ఈ వ్యాసం శుభ్రపరచే చేతులకు ఎంత ఉద్దేశించినదో, తనిఖీ చేసే కళ్లకు కూడా అంతే ఉద్దేశించినది. తనిఖీ అధికారులు మెరుపును వెదకడం మాని, తెల్లని గుడ్డతో తుడిచి చూడవలసిందిగా మా మనవి. ఆయుధానికి నిజమైన పూజ అదే.