మద్దతు ధర లాంటిదే ఈ వీసా జీతం

పోయిన నెల ఉద్దానం తీరంలోని ఓ ఊరి నుంచి ఒక పెద్దాయన మన సంఘం ఆఫీసుకు వచ్చారు. ఎకరం జీడితోట ఉంది, కొడుకు బోటు మీద కలాసీ. "ఇంగ్లండులో చేపల బోట్ల మీద పని ఇప్పిస్తామంటున్నారు బాబూ, తోట తాకట్టు పెట్టి డబ్బు కట్టమంటారా?" అని అడిగారు. జవాబు చెప్పే ముందు మేము అక్కడి నిబంధనలు తెలుసుకున్నాం. తెలిసినకొద్దీ మన మద్దతు ధర కథే గుర్తొచ్చింది.

2023లో బ్రిటన్ ప్రభుత్వం చేపల వేట పనులను మనుషుల కొరత ఉన్న పనుల జాబితాలో చేర్చింది. అప్పుడు నైపుణ్య కార్మికుల వీసాకు మామూలుగా ఏడాదికి 26,200 పౌండ్ల జీతం చూపించాలి. ఆ జాబితాలోని పనికి 20,960 చాలు. ఏడాది తిరగకుండానే, 2024 ఏప్రిల్‌లో, మామూలు పరిమితిని 38,700కు, రాయితీ పరిమితిని 30,960కి పెంచారు. ఒక్క దెబ్బకు పదివేల పౌండ్లు! పైగా కలాసీకి మూడేళ్ల అనుభవం ఉండాలి, బోటు 9 మీటర్లకు తగ్గకూడదు, ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. విశాఖలోలాగే అక్కడా వేటలో వాటా పద్ధతి ఉంది. కానీ వీసా లెక్కకు వాటా పనికిరాదు, ఖాయంగా ఇచ్చే జీతమే చూస్తారు.

జీతం పెంచితే కూలికి మేలే కదా అనిపిస్తుంది. పెంచింది కూలి కోసం కాదు. వలస వచ్చేవాళ్లను తగ్గించడానికేనని ఆ ప్రభుత్వమే చెప్పుకుంది.

మరి అంత జీతం ఇవ్వలేని, ఇవ్వదలచుకోని యజమాని ఏం చేస్తాడు? పక్కదారి పడతాడు. ఓడ ఎక్కి వెళ్లిపోయే నావికుల కోసం ఉన్న ట్రాన్సిట్ వీసా మీద మనిషిని రప్పించి, తీరానికి 12 నాటికల్ మైళ్ల అవతల, అంటే 22 కిలోమీటర్ల అవతల వేట చేయిస్తాడు. ఆ వీసాకు జీతం షరతు లేదు. బోటు రేవుకు వచ్చినా ఆ మనిషికి ఆ దేశంలో ఉండే హక్కు లేదు, పడక కూడా బోటులోనే. అక్కడి బోట్ల మీద పనిచేసే వలస కార్మికులకు గంటకు సగటున 3.51 పౌండ్లు ముడుతున్నాయని 2022లో ఒక అధ్యయనం బయటపెట్టింది. అప్పటికి ఆ దేశపు కనీస వేతనం 9.50.

ధాన్యానికి మద్దతు ధర ప్రకటించి కొనుగోలు కేంద్రం తెరవకపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? కాగితం మీద ధర పెరుగుతుంది, బస్తా దళారి కాటా మీదికే పోతుంది.

ఇంత దూరం ఎందుకు, మన శ్రీకాకుళం కలాసీలు గుజరాత్‌లోని వెరావల్‌కు పోయేది నోటిమాట మీదే. 2018 చివర్లో అలా పోయినవాళ్లే పాకిస్తాన్‌కు చిక్కి ఏడాదికి పైగా జైల్లో మగ్గారు.

చేపల వేట కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 188వ ఒప్పందం ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉండాలంటుంది, పని ఇప్పించినందుకు కూలి దగ్గర డబ్బు వసూలు చేయకూడదంటుంది. బ్రిటన్ 2019లో దాన్ని ఆమోదించింది. మన దేశం ఇంకా ఆమోదించలేదు. ఆమోదించమని, వెరావల్ వెళ్లే ప్రతి కలాసీ పేరూ జిల్లాలో నమోదు చేయమని మత్స్యకార సంఘాలతో కలిసి మనమూ అడగాలి.

పెద్దాయనకు మేము చెప్పింది ఇదే: ఏ వీసానో, ఏడాదికి జీతం ఎంతో రాసి ఉన్న కాగితం తెమ్మనండి, అది చూసేదాకా తోట పట్టా ఇంటి నుంచి కదలనివ్వకండి. ఆ కాగితం ఇంకా రాలేదు. డబ్బు కోసం ఫోన్లు మాత్రం వస్తున్నాయట.