వాడని తరంగాలను కౌలుకివ్వరా?

వంతు నీటి విలువ చల్లపల్లి రైతుకు ఒకరు చెప్పాలా? తన చేను తడిశాక కింది రైతుకు వదలకపోతే నీరు డ్రెయిను పాలే. సెల్‌ఫోను తరంగాలదీ అదే తీరు. వాటిని నిలవ చేసే వీలైనా లేదు.

వేలంలో కొన్న కంపెనీకి హైదరాబాదు నుంచి దివిసీమ దాకా ఒకే సర్కిలుగా హక్కు దక్కుతుంది. రాబడి ఉన్న నగరంలో టవర్లు లేస్తాయి. లంక గ్రామాలపై తరంగాలు ఖాళీగా ఉన్నా మరో కంపెనీ ముట్టరాదు.

పంచుకోవడానికి 2015లో అనుమతించారు. 2021లో అందుకయ్యే అదనపు రుసుమూ తీసేశారు. అయితే ఒకే బ్యాండులో ఇద్దరికీ వాటా ఉంటేనే! సొంత చేను ఉన్నవాడికే కౌలు అన్నట్టుంది. ఈ అడ్డు తొలగించాలని, కౌలుకివ్వడాన్నీ అనుమతించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. కోట్లు పోసి కొన్నవారికి కౌలు సొమ్ము ముడుతుంది గనుక నష్టమేమిటి? గడువులోగా టవరు వేయని మండలంలో కౌలుకివ్వడం తప్పనిసరి చేయాలి.