ముందు గొంతు... తర్వాతే గిటార్

మారాం చేసి మరీ గిటార్ కొనిపించుకుంటారు పిల్లలు. నెల తిరిగేసరికి అది గోడకెక్కుతుంది. కారణం? మొదటిరోజే కార్డ్స్‌తో కుస్తీ పడతారు. రెండు మూడు తీగలు ఒకేసారి నొక్కాలి. వేళ్లు నొప్పి పుడతాయి, పాట మాత్రం పలకదు. ‘పుంగనూరులోనో కుప్పంలోనో ఉంటే నేర్పే మాస్టారు ఎక్కడ దొరుకుతారు?’ అనుకుని పెద్దవాళ్లూ ఊరుకుంటారు.

నిజానికి తొలి గురువు మన చెవే. ఆ మాటకు సాక్ష్యం పక్కనే మదనపల్లెలో ఉంది. 1919లో విశ్వకవి రవీంద్రుడు అక్కడి బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో కొన్నాళ్లు విడిది చేశారు. ‘జనగణమన’ పాడి వినిపించారు. ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ సంగీతం చదువుకున్న ఐర్లాండు మహిళ. పాటేమో బెంగాలీ. అయితేనేం, కవి గొంతులోని బాణీని ఆమె పాశ్చాత్య స్వరలిపిలో పెట్టారు.

మీరూ ఆ పాటతోనే మొదలుపెట్టండి. బడికెళ్లిన ప్రతి ఒక్కరికీ దాని బాణీ వచ్చు. ముందు కూనిరాగం తీయండి. గొంతు ఎక్కడ పైకి వెళ్తోంది, ఎక్కడ దిగుతోందో గమనించండి. ఆ తర్వాత ఒకే ఒక్క తీగ పట్టుకోండి. ఫ్రెట్లంటే వీణ మెట్లలాంటివే. ఏమీ నొక్కకుండా మీటితే వచ్చేది ‘స’ అనుకోండి. రెండో ఫ్రెట్ ‘రి’, నాలుగోది ‘గ’, అయిదోది ‘మ’. స, రి ఎక్కి ‘గ’ దగ్గర చాలాసేపు నిలిచి, ఓసారి కిందికి దిగి, ‘మ’ మీద ఆగుతుంది పాట ఎత్తుగడ. తప్పు ఫ్రెట్ పడితే మీ చెవే చెప్పేస్తుంది.

గాయకుడి గొంతు ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. ఊపిరి కోసం మధ్యమధ్య ఆగుతుంది. అందుకే కొత్తవాళ్లకు వాద్యాల హోరుకన్నా గొంతు వెంట వెళ్లడం సులువు. సినిమా పాటైతే పల్లవిలో రెండు మూడు మాటలే తీసుకోండి. అవి పలికాకే ముందుకెళ్లండి. గొంతు జారినచోట వేలినీ తీగమీద జార్చండి. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం పాటలన్నీ చెవిన పడతాయి. ఏ భాషదైనా పద్ధతి ఇదే.

మరి కార్డ్స్? నేర్చుకోవాల్సిందే. పాట ఏ స్వరం మీద స్థిరపడుతోందో చెవికి తెలిశాక వాటిని పట్టుకోవడం తేలికవుతుంది.

రోజూ పావుగంట చాలు. వంటింట్లోంచి అమ్మ ‘ఇది ఫలానా పాట కదూ!’ అందంటే తొలి పరీక్ష పాసైనట్టే!