వీలునామాకు మూడేళ్ల గడువు... లెక్క ఎప్పటినుంచి?

న్యూఢిల్లీ: వీలునామా రాసిన వ్యక్తి మరణించాక దానిని న్యాయస్థానం ముందుంచి ప్రొబేట్ కోరడానికి ఎంత గడువు ఉంటుంది? 1925 నాటి భారత వారసత్వ చట్టాన్ని ఆసాంతం తిరగేసినా ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. తొందరపడరాదన్న గడువు మాత్రం అందులో ఉంది. మరణించిన నాటి నుంచి ఏడు రోజులు పూర్తిగా గడవనిదే ప్రొబేట్‌నూ, పద్నాలుగు రోజులు గడవనిదే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్‌నూ మంజూరు చేయరాదని 293వ సెక్షన్ నిర్దేశిస్తోంది. జాప్యం చేయరాదన్న గడువును శాసనకర్తలు అసలు రాయనే లేదు.

వీలునామా నిజమైనదేనని న్యాయస్థానం తన ముద్రతో ఇచ్చే ధ్రువీకరణే ప్రొబేట్. వీలునామాలో పేర్కొన్న నిర్వాహకుడికి అది లభిస్తుంది. నిర్వాహకుడెవరూ లేనప్పుడు ఆస్తి పొందవలసినవారు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ కోరవలసి ఉంటుంది. ఢిల్లీలో జిల్లా జడ్జి వద్దకైనా, హైకోర్టుకైనా వెళ్లవచ్చు. ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. బీరువాలో ఉన్న వీలునామా చాలా ఇళ్లలో బీరువాలోనే ఉండిపోవడానికి ఈ ఫీజు కూడా ఒక కారణం.

వారసత్వ చట్టం మౌనం వహించిన చోట 1963 నాటి లిమిటేషన్ చట్టం ముందుకు వచ్చింది. ప్రత్యేకంగా గడువు నిర్ణయించని దరఖాస్తులన్నిటికీ 137వ అధికరణం మూడేళ్ల గడువు విధించింది. దరఖాస్తు చేసుకునే హక్కు సంక్రమించిన నాటి నుంచి ఆ మూడేళ్లు లెక్కించాలి. సివిల్ కోర్టులో ఏ చట్టం కింద దాఖలైన పిటిషన్‌కైనా ఈ అధికరణం వర్తిస్తుందని కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1976లోనే స్పష్టం చేసింది. ప్రొబేట్ పిటిషన్లు కూడా ఆ కోవలోకే వస్తాయని 2008లో ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కుటుంబ వివాదంలో తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది మరో కేసులో అదే వైఖరిని పునరుద్ఘాటించింది.

మూడేళ్లని తేలింది. ఎప్పటి నుంచి మూడేళ్లన్నది మాత్రం తేలలేదు.

బొంబాయి హైకోర్టు 1983లో ఈ విషయమై కొన్ని నిర్ధారణలు చేసింది. మరణించిన తేదీనే హక్కు సంక్రమిస్తుందని భావించడం సరికాదన్నది వాటిలో ఒకటి. వీలునామా అప్పగించిన బాధ్యత మిగిలి ఉన్నంతకాలం దరఖాస్తు హక్కు కొనసాగుతూనే ఉంటుందన్నది మరొకటి. సుప్రీంకోర్టు 2008 తీర్పులో మొదటిది ఒప్పు కాదనీ, రెండవది సరైనదనీ పేర్కొంది. ఒక వాక్యం గడియారాన్ని నడిపిస్తే, మరొక వాక్యం ఆపుతున్నట్టుంది. ఆ కేసులోని పిటిషన్ గడువులోపలే దాఖలైందని తేలడంతో కక్షిదారుల సమస్య పరిష్కారమైంది గానీ, తరువాత వచ్చేవారికి చిక్కుముడి అలాగే మిగిలింది. మరణించిన తేదీ నుంచి లెక్కించాలనే న్యాయవాదికీ, వివాదం తలెత్తిన నాటి నుంచి లెక్కించాలనే న్యాయవాదికీ ఒకే తీర్పు ఆధారం కావడం విచిత్రం.

దీనివల్ల నష్టపోయేది వ్యాజ్యాలకు అలవాటుపడిన సంపన్న కుటుంబాలు కావు. కేంద్ర ప్రభుత్వ కొలువులో రిటైరై ద్వారకలోనో, మయూర్ విహార్‌లోనో ఒక ఫ్లాటు సంపాదించుకున్న వ్యక్తి దానిని భార్య పేరనో, అవివాహిత కుమార్తె పేరనో రాసి మరణించాడనుకుందాం. ఇంట్లో ఎవరూ కాదనలేదు కనుక ఆమె కోర్టు గడప తొక్కదు. ఏడెనిమిదేళ్ల తరువాత కొడుకు భాగ పరిష్కారానికి దావా వేస్తాడు. అప్పుడామె ప్రొబేట్ కోరితే ఎదురయ్యే మొదటి అభ్యంతరం, గడువు దాటిందనే.

గడువు దాటినంత మాత్రాన వీలునామా చిత్తుకాగితం కాదు. ప్రతివాదిగా ఆమె అదే దావాలో దానిని రుజువు చేసుకోవచ్చు. అయితే అక్కడ వచ్చే తీర్పు ఆ దావాలోని కక్షిదారులకే పరిమితం. ప్రొబేట్ అలా కాదు, అది అందరికీ వర్తించే ధ్రువీకరణ. రేపు బ్యాంకు, రిజిస్ట్రారు, కొనుగోలుదారు అడిగేది ఆ రెండవదానినే.

అసలు ప్రమాదం సాక్షుల విషయంలో ఉంది. వీలునామాపై కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. వారిలో జీవించి ఉండి, కోర్టుకు రాగలిగినవారు ఉంటే ఒక్కరినైనా విచారించనిదే అది రుజువు కాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా ఈ నిబంధనను కొనసాగించింది. ముప్ఫై ఏళ్లు దాటిన పత్రాలకు చట్టం ఇచ్చే మినహాయింపు వీలునామాలకు వర్తించదని సుప్రీంకోర్టు 2023లో మరోసారి చెప్పింది. సాక్షులుగా సంతకాలు చేసేది సాధారణంగా ఇరుగుపొరుగు, తోటి ఉద్యోగులు. వీలునామా రాసిన మనిషి వయసే వారి వయసు. సాక్షులిద్దరూ పోతే వారి సంతకాన్ని, రాసిన వ్యక్తి సంతకాన్ని గుర్తించగలవారిని వెతుక్కోవలసిందే.

ఢిల్లీకి మరో ప్రత్యేకత ఉంది. ఇక్కడ వీలునామా దశాబ్దాలుగా విక్రయపత్రం పాత్ర కూడా పోషించింది. ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా... ఈ మూడు కాగితాలతో ఇళ్లు చేతులు మారాయి. ఇవి యాజమాన్య హక్కును బదిలీ చేయవని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో ప్రకటించింది. అనధికార కాలనీల నివాసులకు హక్కులు కల్పించడానికి 2019లో పార్లమెంటు చేసిన చట్టం మళ్లీ ఈ కాగితాలనే ఆధారంగా స్వీకరించింది. ఆ కాలనీల సంఖ్య 1,731. ఎన్నడో ఇల్లమ్మి వెళ్లిపోయిన అపరిచితుని వీలునామా ఎన్ని ఇళ్లలో భద్రంగా ఉందో ఊహించుకోవచ్చు. ఆ అపరిచితుడు ఎప్పుడు మరణించాడో కొన్నవారికి తెలిసే అవకాశమెంత? తెలియని మరణం నుంచి మూడేళ్లు ఎలా లెక్కించాలి?

సంతానం విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు లెక్క మరింత జటిలం. అమెరికాలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్‌లో మరణించిన నాటి నుంచి నాలుగేళ్లలోగా వీలునామాను కోర్టుకు సమర్పించాలి. జాప్యంలో తన తప్పు లేదని చూపగలిగినవారికి మినహాయింపు ఉంది. కఠినమో కాదో గానీ, అక్కడ గడువు ఎప్పుడు మొదలవుతుందో పామరుడికి కూడా తెలుస్తుంది. ఇక విదేశీ న్యాయస్థానంలో రుజువైన వీలునామా ప్రతితో ఇక్కడ దరఖాస్తు చేసుకునే హక్కు నిరంతరం కొనసాగేదేనని ఢిల్లీకి చెందిన మరో కేసులో సుప్రీంకోర్టు 2019లో తీర్పు ఇచ్చింది. అంటే విదేశంలో రుజువైన వీలునామాకు లభించిన నిశ్చింత, ద్వారకలో రాసిన వీలునామాకు లేదన్నమాట.

2025 డిసెంబరులో పార్లమెంటు వారసత్వ చట్టం నుంచి 213వ సెక్షన్‌ను తొలగించింది. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లో హిందువులు తదితరుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి చేసిన సెక్షన్ అది. 1870 నాటి బ్రిటిష్ ఏలుబడి హద్దులను బట్టి పౌరులను విడదీసిన నిబంధన పోవడం హర్షణీయమే. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్‌లలో గానీ, హైదరాబాద్, విజయవాడలలో గానీ హిందువుల వీలునామాలకు ఆ నిర్బంధం మొదటి నుంచీ లేదు. అయితే ప్రొబేట్ ఐచ్ఛికమైన చోట దరఖాస్తు చేసుకోవలసిన అవసరం ఎప్పుడు పుడుతుందన్న ప్రశ్న మరింత అస్పష్టమవుతుంది. ఇంతవరకు ఢిల్లీవాసులు పడుతున్న ఈ సందిగ్ధం ఇక చెన్నై, ముంబయి, కోల్‌కతా వాసులకూ సంక్రమిస్తుంది.

ప్రొబేట్ పొందిన నిర్వాహకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు సమర్పించాలని ఇదే చట్టంలోని 317వ సెక్షన్ ఖచ్చితంగా చెబుతోంది. చివరి మెట్టుకు గడువు రాసిన చట్టం మొదటి మెట్టుకు రాయకపోవడానికి కారణం కనిపించదు. వీలునామా ఉన్నదని, రాసిన వ్యక్తి మరణించాడని తెలిసిన నాటి నుంచి మూడేళ్లు అని, తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించవచ్చు అని ఒక్క సెక్షన్ చేర్చితే సరిపోయేది. 213వ సెక్షన్‌ను కొట్టివేసిన సవరణలోనే అందుకు చోటుండేది.